పాత చైన్‌సాకు బార్, చైన్ కుదర్చడం: నా అనుభవం

పాత చైన్‌సా చేతికి వస్తే అందరి చూపూ ముందు ఇంజిన్ మీదికే పోతుంది. స్పార్క్ వస్తోందా, కార్బురేటర్ శుభ్రంగా ఉందా, తాడు లాగితే కంప్రెషన్ తగులుతోందా అని చూస్తారు. నాకు దొరికిన రంపంలో ఇంజిన్‌కు ఏ రోగమూ లేదు. 1960ల నాటిది, మెగ్నీషియం బాడీ, గేర్లు లేకుండా క్లచ్ నుంచే నేరుగా చైన్‌ను తిప్పే రకం. తాడు లాగడమే ఆలస్యం, హుషారుగా అందుకునేది. కోతకు పెడితే మాత్రం చైన్ కుదుపులు కుదుపులుగా నడిచేది. చైన్ చుట్టూ తిరిగే పొడవాటి లోహపు పట్టీ, అంటే బార్, దాని అడుగున వేలాడేది. కాస్త పక్కకు ఒత్తిడి పడితే గాడిలోంచి ఊడి వచ్చేది. బిగించుదామంటే, బార్‌ను ముందుకు నెట్టి చైన్‌ను బిగించే టెన్షన్ స్క్రూ అప్పటికే చివరికంటా తిరిగిపోయి ఉంది.

చైన్ సాగిపోయింది, కొత్తది వేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్పే మాట. పాత రంపాల విషయంలో ఆ మాట మీద నాకు నమ్మకం తక్కువ. ఇన్నేళ్లలో అది ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ బార్ తగిలించారో, ఎవరు ఏ చైన్ దొరికితే అది చుట్టేశారో ఎవరికి తెలుసు? అందుకే ఏదీ కొనకముందే, చైన్ ఆనుకునే ప్రతి చోటునూ కొలిచి చూడాలనుకున్నాను. స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టి, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, వర్నియర్ కాలిపర్, సందులు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొద్దుబారిన చైన్ కూడా చేతిని బాగానే కోస్తుంది.

మొదట చైన్ పిచ్. వరసగా ఉన్న మూడు రివెట్లలో మొదటి దాని నడిమి నుంచి మూడో దాని నడిమి వరకు కొలిచి, సగం చేస్తే వచ్చేదే పిచ్. చైన్ అరిగి ఉంటే ఒక్కచోట కొలిస్తే మోసపోతాం. కాబట్టి పొడవుగా పరిచి, లాగిపట్టి, ఇరవై రివెట్ల దూరం కొలిచి భాగించాను. 9.4 మి.మీ. దగ్గర తేలింది. ఇక్కడ చాలామందికి ఒక తికమక ఉంటుంది. 3/8 అంగుళాల పిచ్ అంటే లెక్క ప్రకారం 9.525 మి.మీ. కావాలి కదా? నిజానికి 3/8 అని అమ్మే చైన్ కొత్తగా ఉన్నప్పుడు 9.32 మి.మీ. మాత్రమే ఉంటుంది. 3/8 అన్నది దాదాపు పేరు కింద లెక్క. దాని పక్కనే ఉండే 0.404 అంగుళాల చైన్ 10.26 మి.మీ. ఈ రెండింటికీ మధ్య తేడా మిల్లీమీటరు కన్నా తక్కువే. కంటికి ఆనదు, వర్నియర్‌కు ఆనుతుంది. నా చైన్ 3/8 అని తేలింది, కాస్త సాగిన మాట కూడా నిజమే.

సాగిన చైన్ వేలాడటానికి కారణం కావచ్చు. కానీ కుదుపులకు కాదు. అక్కడే నాకు అనుమానం తగిలింది. చైన్ విప్పి ఒక డ్రైవ్ లింక్‌ను, అంటే గాడిలోకి దిగే మొనదేలిన లింక్‌ను, వెలుతురుకు పట్టి చూశాను. కింది మొన ముందు అంచు నున్నగానే ఉంది. వెనక అంచు మీద మాత్రం చిన్న నొక్కు, దాని చుట్టూ బయటికి ఒత్తుకొచ్చిన సన్నటి ఇనుప పొర, గోటికి తగిలేంత. తర్వాతి లింక్ మీదా అదే. వరసగా అన్నింటి మీదా అదే. సరిగ్గా కుదిరిన స్ప్రాకెట్ మీద, అంటే క్లచ్ దగ్గర చైన్‌ను లాగే పళ్ల చక్రం మీద, తిరిగిన చైన్‌కు ఇలాంటి గాట్లు పడవు.

ఆ చైన్‌నే తీసుకెళ్లి స్ప్రాకెట్ చుట్టూ చేత్తో చుట్టి చూశాను. మొదటి లింక్ పళ్ల మధ్య చక్కగా దిగింది. రెండోది సగమే దిగింది. మూడోది పన్ను నెత్తినెక్కి కూర్చుంది. తీగ లాగితే డొంకంతా కదిలింది. స్ప్రాకెట్ 0.404 పిచ్‌ది, చైన్ 3/8ది. లెక్క వేస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. పిచ్‌కు రెండింతల దూరంలో ఒక్కో డ్రైవ్ లింక్ వస్తుంది కాబట్టి, స్ప్రాకెట్ పళ్ల ఎడం సుమారు 20.5 మి.మీ., చైన్‌లో లింకుల ఎడం 18.6. రెండో పన్ను దగ్గరే దాదాపు 2 మి.మీ. తేడా, మూడో దాని దగ్గర నాలుగుకు కాస్త తక్కువ. ఇంజిన్ ఈడ్చిన ప్రతిసారీ చైన్ ఎక్కుతూ, జారుతూ, కుదుపుతూ తిరిగిందన్నమాట.

మరి ఇది ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదా? పడకపోవడానికి కారణం బార్. దాని ముక్కు గట్టి లోహపు ముక్కు, చక్రం లేని రకం. ముక్కులో చక్రం ఉండే బార్ అయితే ఆ చక్రానికీ ఒక పిచ్ ఉంటుంది, తప్పుడు చైన్ అక్కడే మొరాయిస్తుంది. గట్టి ముక్కు బార్ ఏ పిచ్ చైన్‌నైనా తన మీదుగా జారనిస్తుంది. ఎవరో ఒకప్పుడు 0.404 చైన్ దొరక్క 3/8 వేసి, స్ప్రాకెట్ సంగతి మరిచి ఉంటారు. చైన్ మార్చాలంటే బార్ నట్లు విప్పితే చాలు. స్ప్రాకెట్ మార్చాలంటే క్లచ్ ఊడదీయాలి. ఎవరు ఏది మార్చి ఏది వదిలేస్తారో చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు. అందుకే పాత రంపం ఏది కనిపించినా ఇప్పుడు నేను ముందు క్లచ్ కవర్ విప్పి స్ప్రాకెట్ చూస్తాను.

పాత రంపాల్లో పిచ్‌ల గందరగోళం మామూలే. గేర్లతో నడిచే తొలి తరం రంపాలు నెమ్మదిగా తిరిగేవి. వాటికి అర అంగుళం, అంతకన్నా పెద్ద పిచ్ చైన్లు ఉండేవి. 1959లో వచ్చిన స్టిల్ కంపెనీ కాంట్రా లాంటి డైరెక్ట్ డ్రైవ్ రంపాలతో చైన్ వేగం పెరిగి, చిన్న పిచ్‌ల వైపు మొగ్గు వచ్చింది. అసలు ఇవాళ మనం చూసే చెక్కే రకం పళ్ల చైన్‌కే అంత వయసు లేదు. జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత మనిషి చెక్కను తొలిచే పురుగు లార్వా దవడలు చూసి రూపొందించిన చైన్ 1947లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మార్కెట్‌కు వచ్చింది. అంతకుముందు చేరంపం పళ్ల లాంటి, గీరే రకం పళ్లే. ఆ పరిణామం మధ్యలో పుట్టిన రంపానికి విడిభాగాలు కలగాపులగం కావడంలో వింతేమీ లేదు.

ఇక ఎటు పోవాలి? 0.404 స్ప్రాకెట్‌ను ఉంచి చైన్ మార్చడం ఒక దారి, స్ప్రాకెట్‌నే 3/8కి మార్చడం ఇంకో దారి. స్ప్రాకెట్ పళ్ల మీద చైన్ తొక్కిన చోట పల్లాలు అర మిల్లీమీటరు దాటాయి. సాధారణంగా అరుగుదల ఆ అర మిల్లీమీటరుకు చేరితే స్ప్రాకెట్ మార్చేయాలి. ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి, చైన్ సులువుగా దొరికే 3/8 వైపే మొగ్గాను. ఏడు పళ్ల 0.404 బదులు ఏడు పళ్ల 3/8 వేస్తే అదే ఇంజిన్ వేగానికి చైన్ వేగం సుమారు 9 శాతం తగ్గుతుంది, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. ఎనిమిది పళ్లది వేస్తే వేగం 4 శాతం దాకా పెరుగుతుంది. వయసు మళ్లిన ఇంజిన్‌కు పరుగు కన్నా బలమే మేలనిపించి ఏడు పళ్లకే కట్టుబడ్డాను. పళ్లు క్లచ్ డ్రమ్‌తో ఒకటిగా అతికి ఉండే రకం కాకుండా, డ్రమ్ గాట్ల మీద పళ్ల రింగు పక్కలకు జరగగలిగే రకం తీసుకున్నాను. ఆ రింగు బార్ గాడికి ఎదురుగా తనంతట తానే సర్దుకుంటుంది. దానివల్ల ఎంత లాభమో తర్వాత తెలిసింది.

క్లచ్ విప్పడానికి ఇంజిన్ తిరగకుండా ఆపాలి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు సిలిండర్‌లోకి దూర్చాను. పిస్టన్ పైకి వస్తూ ఎగ్జాస్ట్ రంధ్రాన్ని మూసేశాకే తాడు దూర్చాలి, లేకపోతే తాడు ఆ రంధ్రంలో ఇరుక్కుని తెగుతుంది. చాలా రంపాల్లో క్లచ్‌కు ఎడమ మర ఉంటుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. దీనికీ అంతే. లోపల సూది బేరింగ్ ఎండిపోయి, పాత గ్రీజు నల్లటి మైనంలా పట్టుకుని ఉంది. కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించాను. డ్రమ్‌ను చేత్తో పట్టి ఊపి చూస్తే లూజు లేదు. ఉండి ఉంటే బేరింగ్ మార్చాల్సిందే, ఎందుకంటే ఊగే డ్రమ్ మీద ఏ చైన్ పెట్టినా వంకరగానే నడుస్తుంది.

తర్వాత బార్. దాని గాడి వెడల్పు డ్రైవ్ లింక్ మందానికి సరిపోవాలి. ఈ మందాన్నే గేజ్ అంటారు. మామూలుగా కనిపించేవి 1.1, 1.3, 1.5, 1.6 మి.మీ. పాత చైన్ లింక్ మందం 1.3. గాడిలో ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటే పెట్టి చూస్తే 1.6 మి.మీ. సులువుగా, వదులు లేకుండా దిగింది. అంటే చైన్‌కు పిచ్చే కాదు, గేజ్ కూడా తప్పే. లావు గాడిలో సన్న లింక్ ఒక పక్కకు వాలిపోతుంది. వాలిన చైన్ తిన్నగా కోయదు, కోత చంద్రవంకలా తిరుగుతుంది. చైన్ ఉన్నప్పుడే తెలుసుకోవాలంటే ఒక స్టీల్ స్కేలును కట్టర్ (కోసే పన్ను) పక్కనా బార్ పక్కనా ఆనించి చూడాలి. స్కేలుకూ బార్‌కూ మధ్య సన్నని సందు కనిపించాలి. సందు లేకుండా చైన్ వాలి ఉంటే గాడి లావైందనో, చైన్ సన్నదనో అర్థం.

మంచి సంగతి ఏమిటంటే, 3/8 పిచ్‌లో 1.6 మి.మీ. గేజ్ చైన్ మామూలుగా దొరికే సరుకే. కాబట్టి బార్ మార్చనక్కర్లేదు. గాడి లోతు కూడా చూశాను. 3/8 చైన్‌కు కనీసం 6 మి.మీ. ఉండాలి, లేకపోతే డ్రైవ్ లింక్ మొనలు అడుగున గీసుకుంటాయి. ఇక్కడ ఏడు దాటి ఉంది. బార్ అడుగు పట్టా, అంటే చైన్ జారే అంచు, నడిమిలో ఒక జానెడు మేర గాడి కాస్త విచ్చుకుంది. బార్‌ను చదునైన ఇనుప దిమ్మ మీద పడుకోబెట్టి, గాడిలో 1.6 మి.మీ. రేకు పెట్టి, సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోయాను. బలంగా కొట్టకూడదు, పట్టాల అంచులు గట్టిబరిచిన ఉక్కు, చిట్లుతాయి. రేకు జారేంత వదులు మిగలాలి. తర్వాత పట్టాల మీద బయటికి ఒత్తుకొచ్చిన పొరను ఆకురాయితో తీసేసి, రెండు పట్టాలూ ఒకే ఎత్తుకు వచ్చేలా బార్‌కు లంబంగా పట్టి రాశాను. ఒక పట్టా ఎక్కువ, ఒకటి తక్కువ ఉంటే గేజ్ సరిపోయినా కోత వంకరే.

అన్నింటికన్నా ఎక్కువ సమయం తిన్నది బార్ బిగించే చోటు. రంపానికి బిగించే బార్ మొదలు దగ్గర మూడు సంగతులు రంపంతో కలవాలి: బోల్టులు దూరే పొడవాటి చీలిక వెడల్పు, ఆయిల్ రంధ్రం, టెన్షన్ పిన్ దూరే రంధ్రం. పిన్ రంధ్రంతో ఇబ్బంది రాలేదు. చీలిక మాత్రం బోల్టుల కన్నా ఒకటిన్నర మిల్లీమీటర్లు వెడల్పు. ఇది వేరే రంపానికి పుట్టిన బార్ అని అక్కడే తెలిసిపోయింది. నట్లు ఎంత బిగించినా కోతలో ముక్కు పైకీ కిందికీ కొద్దిగా కదిలి, చైన్ వదులయ్యేది.

పరిష్కారం సాదాసీదాదే. బోల్టుల మీద ఎక్కే సన్నని స్టీల్ గొట్టపు ముక్కలు తీసుకుని, బయటి వ్యాసం చీలికకు సరిపోయేలా రాసి తొడిగాను. ఇందులో జాగ్రత్త పడాల్సింది ఒక్కటే. ఆ ముక్క పొడవు బార్ మందం కన్నా కొంచెం తక్కువ ఉండాలి. నేను 0.3 మి.మీ. తక్కువ ఉంచాను. బార్‌తో సమానంగానో ఎక్కువగానో ఉంటే, నట్లు బిగించినప్పుడు కవర్ ఆ ముక్కను నొక్కుతుంది, బార్‌ను కాదు. పైకి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, లోపల బార్ స్వేచ్ఛగా జరుగుతుంది.

ఆయిల్ రంధ్రం ఎక్కడ పడుతోందో కనిపెట్టడానికి, బాడీ మీద ఆయిల్ వచ్చే చోట నీలం రంగు పూసి, బార్‌ను బిగించి విప్పాను. మచ్చ బార్ రంధ్రానికి వేలెడు దూరంలో పడింది. అంటే ఇన్నాళ్లూ ఆయిల్ గాడిలోకి చేరనే లేదు, బార్ పక్కనుంచి కారిపోయింది. బార్‌కు కొత్త రంధ్రం వేయొచ్చు. కానీ టెన్షన్ మార్చినప్పుడల్లా బార్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది కదా. అందుకని చిన్న గ్రైండింగ్ రాయితో, ఆయిల్ పడే చోటి నుంచి పాత రంధ్రం దాకా బార్ పక్క మీద లోతు తక్కువ కాలవ తీశాను. బార్‌ను అప్పుడప్పుడూ తిరగేసి బిగిస్తాం కాబట్టి రెండో పక్కన కూడా అలాగే. గాడిలో పడిన రజను సన్నని రేకుతో గీకి, గాలి కొట్టి తీసేశాను.

అయినా ఆయిల్ చిమ్ముతూనే ఉంది. చూస్తే, బార్‌కూ బాడీకీ మధ్య ఉండాల్సిన పల్చని లోపలి ప్లేటు అసలు లేదు. పాత రంపాల్లో మొదట మాయమయ్యే వస్తువు ఇదే. బార్ మార్చినప్పుడు ఆయిల్‌తో దానికి అంటుకుని పోతుంది, ఎవరూ గమనించరు. గట్టి స్టీల్ రేకు కత్తిరించి, బోల్టులకూ పిన్‌కూ ఆయిల్‌కూ దారులు చేసి అమర్చాను. దాంతో బార్ రేకు మందమంత బయటికి జరిగింది. స్ప్రాకెట్ గాడికి ఎదురుగా లేకపోతే మళ్లీ కథ మొదటికొస్తుంది. స్కేలు పెట్టి చూస్తే జరిగే రింగు కూడా అంతే మేర బయటికి వచ్చి కూర్చుంది. పళ్లు డ్రమ్‌కు అతికి ఉండే రకం అయితే వాషర్లతో కుస్తీ పట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు చైన్ పొడవు. పాత చైన్‌లో 72 డ్రైవ్ లింకులు. కొత్త స్ప్రాకెట్ చిన్నది కాబట్టి అదే లెక్కలో వేస్తే ఇంకా వేలాడుతుంది. ఇక్కడ గుర్తుంచుకుంటే పనికొచ్చే లెక్క ఒకటుంది. ఒక డ్రైవ్ లింక్ తీస్తే చైన్ చుట్టుకొలత పిచ్‌కు రెండింతలు తగ్గుతుంది, అది పైనా కిందా సగం సగం పంచుకుంటుంది కనుక బార్ సరిగ్గా ఒక పిచ్ అంత వెనక్కి వస్తుంది. 3/8కి అది 9.3 మి.మీ. టెన్షన్ పిన్ ప్రయాణం అంతకన్నా ఎక్కువే ఉంది కాబట్టి ఒక లింక్ తీస్తే సరిపోతుందని కాగితం మీదే తేలింది. 71 లింకులు చేయించాను. బేసి సంఖ్య కావడంతో అతుకు దగ్గర ఒకచోట కట్టర్ లేకుండా రెండు టై స్ట్రాప్‌లు (లింకులను కలిపే పక్క పట్టీలు) వరసగా వచ్చాయి. కోతకు దానివల్ల నష్టమేమీ లేదు. అతుకు వేసిన రివెట్ దగ్గర చైన్ మిగతా చోట్ల మాదిరిగానే స్వేచ్ఛగా మడత పడుతోందో లేదో మాత్రం చూసుకోవాలి. బిగుసుకుంటే బార్ ముక్కు దగ్గర ప్రతి చుట్టులోనూ టక్కుమంటుంది.

బిగింపు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నట్లు చేత్తో పట్టేంత వరకు తిప్పి, ముక్కును పైకి ఎత్తి పట్టుకుని, కింది పట్టాకు చైన్ ఆనుకునేదాకా స్క్రూ తిప్పి, ముక్కు దించకుండానే నట్లు బిగించాలి. తొడుగు వేసిన చేత్తో లాగితే చైన్ సాఫీగా తిరగాలి. గట్టి ముక్కు బార్‌కు, చక్రం ఉన్న దానికన్నా కొంచెం వదులు ఉంచడం మంచిది, లేకపోతే ముక్కు వేడెక్కి నీలం తిరుగుతుంది. వేడి మీద ఉన్నప్పుడు బిగించిన చైన్‌ను అలాగే వదిలి వెళ్లకూడదు. చల్లారాక అది కుంచించుకుని క్రాంక్ షాఫ్ట్‌నూ బేరింగ్‌నూ లాగుతుంది.

స్టార్ట్ చేసి, ముక్కును ఎండు దుంగ మొదలు వైపు చూపిస్తూ బొటనవేలితో ఆయిల్ మీట నొక్కి రేస్ ఇచ్చాను. తెల్లని చెక్క మీద సన్నని ఆయిల్ చారలు పడ్డాయి. ముక్కు పైభాగం చెక్కకు తగిలి రంపం వెనక్కి ఎగిరితే చైన్‌ను ఆపే చైన్ బ్రేక్ ఈ తరం రంపాలకు ఉండదు. అందువల్ల బార్ ముక్కు పైభాగం చెక్కకు తగలకుండా చూసుకుంటూ, బార్ మొదటి సగంతోనే కోశాను. చైన్ కుదుపు లేకుండా దిగింది, పొట్టు పొడిలా కాకుండా పొరలు పొరలుగా రాలింది, కోత నిలువుగా వచ్చింది. కొత్త చైన్ మొదట్లో సాగుతుంది కాబట్టి నాలుగైదు కోతల తర్వాత ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ కొంచెం బిగించాను. టెన్షన్ పిన్ ఇప్పుడు తన ప్రయాణంలో మూడో వంతు దగ్గరే ఉంది.

ఆయిల్ మీట నొక్కితే కదిలే చిన్న పిస్టన్ దగ్గర మాత్రం ఇంకా సన్నగా కారుతోంది. అక్కడి రబ్బరు రింగు గట్టిపడిపోయింది. ఆ సైజు రింగు దొరికేదాకా పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి పెడుతున్నాను.